ట్యాంకుల ఓడలో మా వదిన రుబ్బురోలు

బహ్రెయిన్ వెళ్లొచ్చానని తెలియగానే మా వీధివాళ్లందరూ బంగారం ఎంత తెచ్చావని అడిగారు. నేను వెళ్లింది ఒక రుబ్బురోలును చూడ్డానికని చెబితే ఎవరూ నమ్మలేదు. సముద్రం దాటి వెళ్లి రోలు చూసొచ్చిన మనిషిని నేనూ ఎక్కడా చూడలేదు కాబట్టి వాళ్లను తప్పుపట్టను. అందుకే ఇది రాస్తున్నాను. ఇకమీదట అడిగినవాళ్ల చేతిలో ఈ కాగితాలు పెట్టేసి నా పని నేను చూసుకుంటాను.

ముందు రోలు సంగతి. మా అన్నయ్య అప్పలరాజు నేవీలో వంటవాడు. బంగ్లాదేశ్ యుద్ధం నాటికి వైజాగ్ నుంచి తిరిగే, యుద్ధట్యాంకులు మోసే ఒక ఓడలో ఉండేవాడు. రోజూ చపాతీలు తినలేక మొహాలు వేలాడేసుకున్న మనవాళ్లకు ఇడ్లీ, గారె పెట్టాలని ఆయన తాపత్రయం. మా వరాలు వదిన పురిటికి పుట్టింటికి వెళ్లిన అదను చూసి, ఆవిడ రుబ్బురోలును తీసుకెళ్లి ఆ ఓడ ఎక్కించేశాడు. వదిన తిరిగొచ్చి రోలు ఏదని అడిగితే ఉన్నమాటే చెప్పాడు, మళ్లీ తెస్తానని కూడా అన్నాడు. "యుద్ధానికెళ్లే ఓడలో రుబ్బురోలేటి?" అంది వదిన. సరిగ్గా ఆ నెలలోనే, నా ఖర్మకొద్దీ, మా ఆయన నాకు కొత్త రోలు కొన్నాడు. ఇంకేముంది, రోలు ఎత్తుకెళ్లి చెల్లెలికిచ్చాడని వదిన తీర్మానించేసింది, మా ఇంటికొచ్చి దాన్ని చూసుకున్నదీ లేదు. కొన్నాళ్లకు ఓడను ఎవరికో అమ్మేశారు. అన్నయ్య దగ్గరున్న సాక్ష్యం కాస్తా దాంతోపాటే పోయింది.

ముప్పై ఏళ్లు దాటింది. వదిన పైకి ఒక్క మాట అనదు. నేను వాళ్లింటికి వెళ్తే మాత్రం ఉప్మా పెడుతుంది. పండగైనా పబ్బమైనా ఉప్మాయే. "గారెలు చేద్దునే సత్యా, రోలేదీ?" అంటుంది నవ్వుతూ. గ్రైండరు కొన్నాక కూడా అదే మాట. నేను వీధి గుమ్మం దాటేసరికి వంటింట్లో మినప్పిండి నూనెలో వేగుతున్న వాసన వస్తూనే ఉంటుంది. బస్టాండులో విచారణ కౌంటర్లో కూర్చుని పాతికేళ్లు ఊరందరి చేతా మాటలు పడ్డదాన్ని. ఎన్ని తిట్లయినా తట్టుకుంటాను గానీ ఆ ఉప్మా మాత్రం గొంతు దిగేది కాదు. అందులో ప్రతి ముద్దా నన్ను దొంగ అంటున్నట్టే ఉండేది.

మా అబ్బాయి రమణ బహ్రెయిన్‌లో హిద్ అనే ఊళ్లో ఓడలు బాగుచేసే యార్డులో సూపర్వైజరు. రెండువేల ఆరులో ఒకరోజు ఫోన్ చేశాడు. "అమ్మా, ఇక్కడ ఒడ్డున ముందువైపు తలుపులున్న పాత ఓడ ఒకటి పడి ఉంది. మామయ్య చెప్పే ఓడలాగే ఉంది. తుక్కు కింద కోసేస్తారంట." నేను ఆలోచించలేదు. ముగ్గురికీ విజిటింగ్ వీసా తియ్యమన్నాను. అన్నయ్య ఓడ కోసం, వదిన విమానం కోసం, నేను నా పరువు కోసం బయల్దేరాం.

విమానంలో

వదినకు కిటికీ సీటు ఇచ్చి నేను మధ్యలో కూర్చున్నాను. అటుపక్కన అన్నయ్య, నడవాకు అవతల ఒక మలయాళీ పెద్దమనిషి. భోజనం రాగానే అన్నయ్య తన ట్రే చేత్తో పట్టుకుని ఓడ చరిత్ర మొదలుపెట్టాడు.

"రెండో ప్రపంచ యుద్ధంలో తెల్లోళ్లు హడావిడిగా కట్టిన ఓడలివి. అడుగు ఇదిగో, ఇలాగ పళ్లెంలా చదును. రేవు అక్కర్లేదు. ఇసకమీదకి తిన్నగా ఎక్కేస్తాది. ముందు తలుపులు తెరిస్తే లోపల్నుంచి ట్యాంకులు గబగబా దిగిపోతాయి."

"ఒడ్డెక్కే ఓడేటి, తాబేలా?" అంది వదిన కిటికీలోంచి చూపు తిప్పకుండా.

అడుగు చదును కాబట్టి చిన్న అలకు కూడా దొర్లిపోతుందని చూపించడానికి ట్రేను ఇటూ అటూ ఊపాడు. ఒడ్డెక్కడం ఎలాగో చూపించడానికి దాన్ని తిన్నగా మలయాళీ పెద్దమనిషి బల్లమీదకు తోశాడు. ఓడ బాగానే ఎక్కింది గానీ అందులోంచి ట్యాంకులకు బదులు టమాటా రసం దిగింది. ఆయన తెల్ల చొక్కా చూసుకుని, మా అన్నయ్యను చూసి, చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

ఆ ఓడ ఇంగ్లీషువాళ్ల దగ్గర యుద్ధం చూసి, మనకొచ్చి, అండమాన్‌కు సిమెంటు మోసి, గేదెల్ని మోసి, బంగ్లా యుద్ధానికి సైనికుల్ని మోసింది. ఒడ్డెక్కేముందు వెనకవైపు లంగరు వేసుకోవాలట, దాన్ని పట్టుకునే మళ్లీ నీళ్లలోకి వెనక్కి లాక్కోవాలట. ఒకసారి అండమాన్‌లో ఆ లంగరు వెయ్యడం మర్చిపోయి, పున్నమి పోటు వచ్చేదాకా ఇసకమీదే కాపురం పెట్టారట. రోలు సంగతి అడిగాను, వదిన వినాలని గట్టిగా.

"మొదటి తుఫానులోనే ట్యాంకుల హాలంతా దొర్లిందమ్మా. ట్యాంకులకి గొలుసులు కట్టారు గానీ రోలుకి కట్టలేదు. దాన్ని పట్టుకోబోయి ఒక సుబేదారు కాలు విరగ్గొట్టుకున్నాడు. కెప్టెన్ కోపమొచ్చి, ఎడం చేతివైపు వెనకమూలన సిమెంటు పోయించి పాతించేశాడు. అందుకే తేలేకపోయాను. రోలు తేవాలంటే ఓడ మొత్తం తేవాలి."

వదిన నిద్ర నటించింది.

సనాబిస్

రమణ ఇల్లు సనాబిస్‌లో, పెద్ద షాపులకు దగ్గర్లో, రెండు గదుల పోర్షను. పొద్దున్నే వీధి చివర తందూరు దగ్గర వేడి రొట్టె కొనుక్కోవడం అక్కడి అలవాటు. ఖుబ్జ్ అంటారు. మన పెద్ద అప్పడమంత ఉంటుంది. దాన్ని పాత పేపర్లో చుట్టి చేతికిస్తారు. నాలుగు రొట్టెలు వంద ఫిల్సు, అంటే దినారులో పదోవంతు. వదినకు అదొక వ్యసనమైపోయింది, రొట్టె తినడం కాదు, లెక్క. ఏది కొన్నా దినార్ల ధరను మన రూపాయల్లోకి నూట ఇరవైతో గుణించి "రామరామ" అనడం. చేపల మార్కెట్లో హమూర్ అనే చేప ధర విని కాసేపు గోడకు చేరగిలబడింది. "ఈ డబ్బుకి మనూళ్లో వంజరం వలతో సహా వస్తాది" అంది.

మమ్మల్ని తిప్పడానికి రమణ జాఫర్ భాయ్‌ని కుదిర్చాడు. హైదరాబాద్ మనిషి, సొంత టాక్సీ. తెలుగు, ఉర్దూ, అరబ్బీ మూడింటినీ ఒకే గిన్నెలో కలిపి వడ్డిస్తాడు. "అమ్మా, మీరు పరేషాన్ కాకుండ్రి. మీ రోలు ఏడున్నా నేను చూపిస్త" అన్నాడు మొదటిరోజే. అంత నమ్మకంగా నా పక్షాన మాట్లాడిన మనిషిని నేను ముప్పై ఏళ్లలో చూడలేదు.

అమ్వాజ్

ఓడ ఉన్న స్థలం ఒక తుక్కు వ్యాపారిదట, ఆయన ఊళ్లో లేడు. వచ్చేదాకా ఊరు చూడమని జాఫర్ భాయ్ అమ్వాజ్ దీవులకు తీసుకెళ్లాడు. దేవుడు చేసిన దీవులు కావవి, సముద్రంలో ఇసక పోసి మనుషులు చేసినవి. మన దగ్గర చెరువులు కప్పెట్టి ఇళ్లు కడతారు, వీళ్లు సముద్రాన్నే కప్పెట్టేశారు. దాన్ని మెచ్చుకుంటూ నేను ఒడ్డున నిలబడి ఉన్నాను. వెనక్కి తిరిగితే అన్నయ్య లేడు.

ఒక చదును పడవ ఇసకమీదకు ఎక్కి ఉంది, ముందు తలుపు తెరుచుకుని ఉంది. అన్నయ్య దాని ముందు మడమలు కలిపి సెల్యూట్ కొట్టి నిలబడ్డాడు. కళ్లనీళ్లు ధారగా కారుతున్నాయి. "ఇదే, ఇదే" అంటున్నాడు. అక్కడ పనిచేసేవాళ్లు పారలు దించి, పెద్దాయనకు ఏదో అయిందని నీళ్లసీసా పట్టుకొచ్చారు. జాఫర్ భాయ్ వాళ్లతో హిందీలో మాట్లాడొచ్చి, అన్నయ్య చెవిదగ్గర మెల్లగా చెప్పాడు. అది ఇసక మోసే పడవ. పోయినేడు కొన్నారు.

"రంగు కొత్తగా ఉందేటా అనుకున్నాను" అంది వదిన. సాయంత్రం రమణ ఇంట్లో వంట తనే చేస్తానని లేచి, ఉప్మా చేసింది.

నాకు ఆకలి చచ్చిపోయింది. అన్నయ్యమీద కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. సొంత ఓడను పోల్చుకోలేని మనిషి మాటమీద నేను ఇంత దూరం వచ్చాను. రోలు దొరక్కపోతే ఇంక బతికినన్నాళ్లూ వదిన దృష్టిలో నేను దొంగనే. అన్నయ్య నా మొహం చూడలేక, వంటింట్లోకి వెళ్లి రేపటి కోసం మినప్పప్పు ఉందా అని డబ్బాలు వెతకడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే "నా మాట నిజమైతే అక్కడే రుబ్బుదాం" అన్నాడు. ఆయన ధైర్యం చూసి నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

హిద్, తుక్కు వ్యాపారి ఆఫీసు

మర్నాడు శుక్రవారం, సెలవురోజు. వ్యాపారి ఊరు నుంచి వచ్చాడని తెలిసి పొద్దున్నే బయల్దేరాం. డ్యూటీ పడిందని రమణ రాలేదు. నానబెట్టిన మినప్పప్పు టిఫిన్ గిన్నెలో అన్నయ్య ఒళ్లో ఉంది.

ఆఫీసులో తెల్లటి గౌను లాంటి బట్టలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయనే వ్యాపారి, మర్యాదస్తుడు. జాఫర్ భాయ్ కారు పెట్టి వచ్చేలోపే ఖర్జూరాలు, చిన్న చిన్న గిన్నెల్లో యాలకుల కాఫీ తెప్పించాడు. పంచదార లేదు, పాలు లేవు, కషాయంలా చేదు. పెట్టినదాన్ని వదిలేస్తే అవమానించినట్టని వదిన కళ్లు మూసుకుని మొత్తం తాగి గిన్నె కింద పెట్టింది. కాఫీ పోసే మనిషి వెంటనే మళ్లీ నింపాడు. మళ్లీ తాగింది, మళ్లీ నింపాడు. మేం ఖాళీ చేస్తుంటే వాళ్లు నింపుతున్నారు, వాళ్లు నింపుతుంటే మేం ఖాళీ చేస్తున్నాం. వదిన చేతులు వణకడం మొదలయ్యాక జాఫర్ భాయ్ వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, గిన్నె ఇట్ల ఊపాలె, ఖలాస్ అని. లేకుంటే సాయంత్రం మగ్రిబ్ నమాజు దాంక పోస్తనే ఉంటరు." వదిన తన గిన్నె తీసి గుడిగంట ఊపినట్టు ఊపింది.

తుక్కు ఓడ ఎందుకు చూడాలని ముసలాయన అడిగాడు. జాఫర్ భాయ్ ఒక్కటీ దాచకుండా అంతా అరబ్బీలో చెప్పేశాడు. ముసలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు ఉన్నట్టుండి ఆపేసి ఏదో అన్నాడు.

"ఈయన అమ్మ తిరగలి ఈయన చెల్లె తీస్కపోయిందంట. ఈయన బీబీ ఇంకా మర్చిపోలేదంట" అని జాఫర్ భాయ్ తెలుగు చేశాడు. ముసలాయన నావైపు అనుమానంగా చూశాడు. దేశం మారినా నా బతుకు మారలేదు.

రేపట్నించి కోత మొదలని, ఇవాళ వెళ్లి చూసుకోమని అనుమతి ఇచ్చాడు. గొర్రెల్ని సముద్రం దాటించే వ్యాపారానికి ఎవరో దాన్ని చాలాకాలం వాడారట, ఆ తర్వాత గొట్టాలు మోసిందట, చివరికి ఈయన దగ్గరకు చేరింది. పేరు ఎన్నిసార్లు మారిందో ఆయనకూ తెలియదు.

ఓడ

ఆటు సమయం. ఓడ బురదలో సగం కూరుకుని ఉంది. ఒక తలుపు ఊడిపోయింది, రెండోది సగం తెరిచి తుప్పుపట్టి ఆగిపోయింది. అన్నయ్య ఈసారి సెల్యూట్ కొట్టలేదు. చేతిలో మినప్పప్పు గిన్నె పట్టుకుని అలా చూస్తూ నిలబడ్డాడు.

కాపలా మనిషి మల్లేశంది సిరిసిల్ల పక్క పల్లె. తెలుగు వినపడగానే ఎదురొచ్చాడు. "దుబాయికొచ్చి పదేండ్లాయె, ఇసొంటి పనిమీద వచ్చినోళ్లను చూడలే" అన్నాడు. ఇది బహ్రెయిన్ కదా అని వదిన అడిగితే, "మా ఊర్ల అన్నీ దుబాయే అమ్మా" అన్నాడు. బురదమీద చెక్కలు పరిచి మమ్మల్ని తలుపుల్లోంచి లోపలికి నడిపించాడు. నా ఎడమ చెప్పు బురద మింగేసింది, మళ్లీ ఇవ్వలేదు.

లోపల కల్యాణమండపమంత హాలు. చీకటి, గొర్రెల వాసన. మల్లేశం టార్చి పట్టుకుని ముందు, మేం వెనక. అన్నయ్య చెప్పినట్టే తిన్నగా చివరిదాకా నడిచి ఎడం చేతివైపు మూలకు వెళ్లాం. టార్చి వేశాడు.

ఏమీ లేదు. ఉత్త ఇనుము.

అన్నయ్య గోడ తడిమాడు, కిందకి వంగి నేల తడిమాడు. వదిన ఏదో అంటుందని ఎదురుచూశాను. ముప్పై ఏళ్లు దాచుకున్నదంతా అంటుందనుకున్నాను. ఆవిడ మాత్రం "పోనీలే సత్యా, ఇంటికెళ్దాం పద" అంది, చాలా మెత్తగా. ఆ మెత్తదనం ఉప్మాకన్నా ఘోరంగా ఉంది. రోలు నా దగ్గర లేదు వదినా అని గట్టిగా చెప్పాలనుకున్నాను. చెప్పకుండానే తలుపుల వైపు తిరిగాను.

అప్పుడు అన్నయ్య వెనక్కి తిరిగి, పైకి వెళ్లే ఇనుప మెట్లను చూశాడు. నుదురు మీద ఫటీమని కొట్టుకున్నాడు.

"ముందు తలుపుల్లోంచి నేనెప్పుడూ రాలేదు. అటు వచ్చేవి ట్యాంకులు. వంటోడు వంటింట్లోంచి ఈ మెట్లు దిగొస్తాడు. దిగి అటు తిరిగి నిలబడితే ఎడం చెయ్యి..." అంటూ మెట్ల దగ్గరకు వెళ్లి, మాకు ఎదురుగా తిరిగి నిలబడి, ఎడం చెయ్యి చాచాడు. అది మాకు కుడివైపు మూల.

అక్కడ గోనెసంచులు, తెగిన తాళ్లు, పాత వలలు కొండలా పడి ఉన్నాయి. మల్లేశం లాగడం మొదలుపెట్టాడు. జాఫర్ భాయ్ తను వేసుకున్న తెల్లచొక్కా సంగతి మర్చిపోయి తనూ లాగాడు. నేనూ లాగాను, ఒంటి చెప్పుతో. అడుగున సిమెంటు దిమ్మ కనిపించింది. దిమ్మ మధ్యలో మెడదాకా పాతుకుని రుబ్బురోలు. గుంటలో ఎండిపోయిన గొర్రెల మేత. నేవీ వెళ్లిపోయాక గొర్రెలు అందులోనే నీళ్లు తాగాయి కాబోలు.

వదిన చతికిలబడి కొంగుతో అంచు తుడిచింది. అంచుమీద వేలెడంత చేపబొమ్మ బయటపడింది. వాళ్ల నాన్న రాతిపని మనిషి. పెళ్లికి కూతురి కోసం తనే చెక్కిన రోలు అది, ఆ మరుసటేడే ఆయన పోయాడు. వదిన ఆ చేపమీద వేలు పెట్టి "నాన్న" అంది. అన్నయ్య గోడవైపు తిరిగిపోయాడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది, గెలిచినందుకు కాదు.

ఇప్పుడైనా ఒక మాట అంటుందేమోనని చూస్తున్నాను. వదిన కళ్లు తుడుచుకుని, రోలు గుంటలోకి చూసి, చుట్టూ చూసి, చివరికి నావైపు చూసింది.

"పొత్రం ఏదీ?" అంది.

నేను తట్టుకోలేకపోయేదాన్నే గానీ, మల్లేశం అందుకున్నాడు. "గా గుండ్రాయా అమ్మా? నా రేకుల షెడ్డు మీద పెట్టిన, గాలికి రేకులు లేస్తున్నయని." పరుగెత్తి తెచ్చాడు. నల్లగా, నున్నగా, ఎండకు కాగిపోయి ఉంది. వదిన దాన్ని చేతిలోకి తీసుకోగానే నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేను పెళ్లిలో చూశాను, మళ్లీ అప్పుడే.

గారెలు

గొర్రెల వాసన పోయేదాకా మల్లేశం బకెట్లతో నీళ్లు మోస్తూనే ఉన్నాడు. అన్నయ్య టిఫిన్ గిన్నె మూత తీసి, దండం పెట్టినంత భక్తిగా మినప్పప్పు వదిన ముందు పెట్టాడు. వదిన కొంగు బిగించి రుబ్బడానికి కూర్చుంది. ఆ ఇనుపహాల్లో పొత్రం తిరుగుతుంటే గోడలన్నీ గురగురమన్నాయి. ట్యాంకులు ఎక్కినప్పుడు కూడా సరిగ్గా ఇదే చప్పుడని అన్నయ్య చెప్పాడు. ఈసారి వదిన కాదనలేదు.

రేపు ఓడ కోసేస్తే ఈ రాయిని ఏం చెయ్యాలని మల్లేశం అడిగాడు. విమానంలో తీసుకెళ్దామా అని అన్నయ్య ఆశగా చూశాడు. వదిన చెయ్యి ఆపకుండానే అతన్ని అడిగింది.

"మీ క్యాంపులో ఎంతమందుంటారు నాయనా?"

"మస్తు మందిమి ఉంటం అమ్మా. శుక్రారం శుక్రారం అందరం కలిసి వండుకుంటం."

"సిమెంటు కొట్టించి తీయించు. పగలకుండా చూడు. క్యాంపుకి పట్టుకుపో. ఎవలడిగినా లేదనకు" అంది. రోలు ఇంటికి తేకుండా అన్నయ్య తప్పించుకోవడం ఇది రెండోసారి.

మల్లేశం షెడ్డు ముందు గ్యాసు పొయ్యి, మూకుడు పెట్టారు. గాలికి మంట నిలవక జాఫర్ భాయ్ తన కారు తలుపు తెరిచి అడ్డం పెట్టాడు. వదిన చేతిమీదే తట్టి, చిల్లు పెట్టి, ఒక్కొక్కటే నూనెలో వదిలింది. గారెలు ఎర్రగా వేగుతుంటే యార్డు అవతల నుంచి ఎవరెవరో వాసన పట్టుకుని వచ్చి చుట్టూ చేరారు. అన్నయ్య చెయ్యి చాచాడు. వదిన ఆయన చెయ్యి పక్కకి నెట్టేసింది.

మొదటి వాయి పేపర్లో పెట్టి నా ఒళ్లో పెట్టింది. "తిను" అంది. ఆ తర్వాత మూకుడు వైపు తిరిగిపోయి, నా మొహం చూడకుండా, "బాగుందా?" అని అడిగింది.

కొరికాను. ఆ ఏడుపులో, ఆ నవ్వులో వదిన పిండిలో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. ఒక్క రవ్వ కూడా లేదు.

"ఇంకోటి వెయ్యి వదినా" అన్నాను.